అతి చురుకు మూత్రాశయం – 3వ పాఠం: తన్నుకొచ్చినప్పుడు ఆగడం

అతి చురుకు మూత్రాశయం అంటే, సంచి నిండకముందే మూత్రం అర్జెంటుగా తన్నుకురావడం. పోయిన పాఠంలో మూడు రోజుల మూత్రం లెక్క, అంటే ఎన్నిసార్లు, ఎంత వెళ్ళారో, ఏం తాగారో రాయమన్నాను. చాలామంది ఓపిగ్గా రాశారు. కానీ ఆ లెక్క చూసుకున్నాక ఎక్కువమంది ఒకే పని చేశారు. నీళ్ళు తగ్గించేశారు. "రోజుకు పద్నాలుగు సార్లు వెళ్తున్నానని కాగితం మీద చూసేసరికి భయం వేసింది మేడమ్, ఇప్పుడు మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళు ముట్టట్లేదు" అని ఒకావిడ చెప్పారు. నీళ్ళ సంగతి అప్పుడే గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే. అందుకే ముందు అది సరిచేసుకుందాం.

నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, రంగు ముదురుతుంది. ఆ చిక్కటి మూత్రం సంచి (మూత్రాశయం) లోపలి పొరను చికాకు పెడుతుంది. దాంతో కొంచెం చేరగానే మళ్ళీ తన్నుకొస్తుంది. పైగా మలబద్ధకం. నిండిన పేగు పక్కనున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశమూ పెరుగుతుంది. మామూలు రోజుల్లో పెద్దవాళ్ళకు నీళ్ళూ, ఇతర ద్రవాలూ కలిపి ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు కావాలి. మే నెల ఎండలో చెమట పట్టే పని చేస్తే ఇంకా ఎక్కువ. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతే కొలత.

ఇతర ద్రవాలు అన్న మాట చాలామంది వదిలేస్తున్నారు. ఒకావిడ లెక్కలో "నీళ్ళు: ఒక లీటరు" అని మాత్రమే ఉంది. అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. పొద్దున రాగి జావ, మూడు టీలు, మధ్యాహ్నం చారు, రెండు గ్లాసుల మజ్జిగ, పడుకోబోయే ముందు గ్లాసు పాలు. అవన్నీ కలిపితే ఇంకో లీటరు దాటింది. ఆవిడ తగ్గించాల్సింది నీళ్ళు కాదు, మూడు టీలలో రెండు. పాలు రాత్రి 7 లోపు తాగేస్తే చాలు. టీ, కాఫీ ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది కాబట్టి రెండు రోజులకు అరకప్పు చొప్పున తగ్గించండి.

లెక్కలో ఇంకొకటి చూడండి. 24 గంటల మూత్రం మొత్తం మీ బరువుకు కిలోకు 40 మిల్లీలీటర్లు దాటిందా? అంటే 60 కిలోల మనిషికి 2,400 మిల్లీలీటర్లు. అంతకంటే ఎక్కువ పోతూ దాహం కూడా ఉంటే, ఈ పాఠాలు పక్కన పెట్టి ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా ముందు డాక్టరే. మూత్రం వస్తున్నట్టుండి రాకపోయినా, కాళ్ళు తిమ్మిరెక్కి బలహీనపడినా ఆలస్యం చేయకుండా వెళ్ళండి.

ఇక నాకు బాగా బాధ కలిగించే విషయం. మీ కాగితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించిన మాట: "ముందు జాగ్రత్తగా వెళ్ళాను."

బస్సెక్కే ముందు, బస్సు దిగాక, వంట మొదలుపెట్టే ముందు, సీరియల్ మొదలయ్యే ముందు, గుడికి బయల్దేరే ముందు, చెప్పులు వేసుకున్నాక మళ్ళీ లోపలికొచ్చి ఇంకోసారి. పెళ్ళికి వెళ్తే మండపంలో కూర్చునే ముందే బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవడం, ఒకసారి వెళ్ళి రావడం. ఇవన్నీ రాకపోయినా వెళ్ళినవే. ఒకావిడ పగటి కొలతలు చూడండి: 80, 60, 110, 70, 90, 50 మిల్లీలీటర్లు. అదే మనిషికి పొద్దున లేవగానే 380. అంటే సంచి చిన్నది కాదు. రాత్రి నిద్రలో అంత మూత్రాన్ని కదలకుండా పట్టి ఉంచిన సంచి అది. పగలు మాత్రం 60 దగ్గరే ఖాళీ చేస్తున్నాం. సాధారణంగా 150 నుంచి 200 మిల్లీలీటర్ల దగ్గర మొదటి కబురు వస్తుంది, 300 నుంచి 500 దాకా పట్టుతుంది. మనం రోజూ 60 దగ్గరే ఖాళీ చేస్తుంటే, నరాలు ఆ 60నే నిండిన కొలతగా నేర్చుకుంటాయి. కొంతకాలానికి నిజంగానే 60 దగ్గర అర్జెంటు వస్తుంది. అప్పుడు "చూశారా, నేను ముందే వెళ్ళడం మంచిదైంది" అనుకుంటాం. కానీ ఆ అర్జెంటును పెంచింది ఆ ముందు వెళ్ళడమే.

"పిల్లా, బయటికెళ్తున్నాం, ఒకసారి వెళ్ళిరా" అని చిన్నప్పటి నుంచి అమ్మలు మనకు చెప్పారు, మనం పిల్లలకు చెబుతున్నాం. శుభ్రమైన బాత్రూమ్ దొరకని ఊళ్ళలో, బస్సులు ఆగని రోడ్లలో పెరిగిన ఆడవాళ్ళకు ఈ భయం ఎందుకు వచ్చిందో నాకు బాగా తెలుసు. తప్పు మీది కాదు. అయినా మానుకోవాలి. పడుకునే ముందు ఒక్కసారికి, నాలుగైదు గంటల బస్సు ప్రయాణానికి ముందు ఒక్కసారికి మాత్రం నా అనుమతి.

ఇప్పుడు అసలు పాఠం. తన్నుకొచ్చినప్పుడు మూత్రాశయం కండరం దానంతట అదే ముడుచుకుంటుంది. ఆ తాకిడి అలలా వచ్చి, పెరిగి, తగ్గుతుంది. పరిగెత్తితే పొట్ట కుదిపి ఒత్తిడి పెరుగుతుంది, మనసంతా బాత్రూమ్ మీదే ఉంటుంది, అల పైన ఉన్నప్పుడే దారిలో జారిపోతుంది. కాబట్టి మొదట ఆగండి. కుర్చీ ఉంటే కూర్చోండి, లేకపోతే గోడకు ఆనుకుని నిలబడండి. పెల్విక్ ఫ్లోర్ కండరాలను, అంటే మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాలను, చకచకా ఐదారుసార్లు బిగించి వదలండి. బిగింపు ఎలా అన్నది మొదటి పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను. ఈ కండరాలు బిగిస్తే నరాల ద్వారా మూత్రాశయం కండరానికి సడలమని కబురు వెళ్తుంది. ఊపిరి బిగపట్టొద్దు. కొందరికి కాలివేళ్ళు ముడిచినా, మడమలెత్తి దించినా మేలు చేస్తుంది. అర్జెంటు తగ్గాక మామూలు నడకతో వెళ్ళండి.

మనసు మళ్ళించడానికి నేను పదమూడో ఎక్కం చదవమంటాను. 13 ఏడ్లు 91 దాటేసరికి అల దిగిపోతుంది. దేవుడి నామాలు చదివేవాళ్ళూ ఉన్నారు. కానీ అవి నోటికి వచ్చేసి మనసు మళ్ళీ అక్కడికే పోతుంది. ఆలోచించాల్సిన ఎక్కం నాకు ఇష్టం.

తాళం తీసేటప్పుడు జారిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా దగ్గరికొచ్చిన ఒక టీచరమ్మ బడి నుంచి వచ్చేటప్పుడు దారంతా బాగానే ఉండేవారట. గేటు చప్పుడైతే మొదలు. ఒక చేతిలో మునక్కాయలు బయటికి పొడుచుకొచ్చిన సంచి, ఇంకో చేయి బ్యాగులో తాళంచెవి కోసం వెతుకులాట. చెవి తాళంలో దూరేసరికి లంగా తడి. రోజూ అదే చోట, అదే చప్పుడు. మెదడు తాళాన్నీ, బాత్రూమ్‌నూ జత కట్టేసుకుంది. నేను చెప్పింది ఇంతే: గేటు దగ్గరే సంచి అరుగు మీద పెట్టండి, కూర్చోండి, బిగించండి, ఎక్కం చదవండి, అల దిగాకే తాళంచెవి తీయండి. లోపలికెళ్ళాక కూడా నేరుగా బాత్రూమ్‌కి కాదు, ముందు కూరగాయలు ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటి వారం రెండుసార్లు తడిసింది, ఏడ్చారు. మూడో వారానికి తాళం తీసి, మునక్కాయలు సర్ది, చెప్పులు స్టాండులో పెట్టి, అప్పుడు వెళ్ళారు.

మాత్రల గురించి వివరంగా ఐదో పాఠంలో. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పాలి. మూత్రాశయం కండరాన్ని సడలించే ఆక్సీబ్యుటినిన్ మాత్ర వేసుకుంటున్న ఒకావిడ నోరు ఎండిపోతోందని గంటకో గ్లాసు నీళ్ళు తాగుతున్నారు, మళ్ళీ మూత్రం పెరిగింది. నోరెండడం ఈ రకం మందులతో రావడం మామూలే. నీళ్ళు గుక్క గుక్కగా తాగండి, నోట్లో సోంపు వేసుకోండి. మాత్ర మీరే ఆపొద్దు. సాలిఫెనాసిన్, మిరాబెగ్రాన్ లాంటివి కూడా ఉన్నాయి, డాక్టర్‌ని అడగండి. మిరాబెగ్రాన్ అయితే బీపీ చూసుకుంటూ ఉండాలి. పెద్ద వయసువాళ్ళకు నోరెండించే రకం మందులు మతిమరుపు పెంచే అవకాశం ఉంది, అది తప్పక చెప్పి అడగండి.

సాధన. మీ లెక్క నుంచి పగటిపూట రెండు సార్ల మధ్య సగటు సమయం తీయండి. అది గంట అనుకుందాం. ఈ వారం లేచినప్పటి నుంచి పడుకునేదాకా గంటకోసారి, గడియారం చూసి వెళ్ళండి. మధ్యలో వస్తే పైన చెప్పినట్టు ఆపండి, రాకపోయినా గంటకు వెళ్ళండి. గడియారం చూసి వెళ్ళేది ముందు జాగ్రత్త కాదు, ఆ సమయం మీరు నిర్ణయించినది. వచ్చే వారం గంటా పావు. ఆ పై వారం గంటన్నర. ఏ వారమైనా కష్టమైతే ఆ వారమే మళ్ళీ చేయండి. మూడు గంటల దగ్గర ఆగండి, నాలుగు దాటొద్దు. కనీసం ఆరు వారాలు చేయాలి. రెండు వారాలకే పనిచేయలేదని చెప్పొద్దు. రాత్రి నిద్రలో ఈ లెక్క పాటించక్కర్లేదు.

గర్భిణులు, మూత్రం పూర్తిగా ఖాళీ కాదని డాక్టర్ చెప్పినవాళ్ళు, ఇన్ఫెక్షన్‌కి మందు వాడుతున్నవాళ్ళు ఈ సాధన ఇప్పుడు మొదలుపెట్టొద్దు.

ఆరు వారాల కాగితాలూ దాచండి. ప్రతి ఆదివారం పొద్దున మొదటి కొలత, ఆ రోజు పగటి అతి చిన్న కొలత పక్కపక్కన రాయండి. నాలుగో పాఠం ఆ రెండు అంకెలతోనే మొదలవుతుంది.