కంకర రోడ్డు మీద కారు – 3వ పాఠం: ఘాట్ దిగడం

టైర్లలో గాలి సంగతి పోయిన పాఠంలో అయిపోయింది. ఈసారి ఘాట్ దిగడం నేర్చుకుందాం. ఆఫ్రికాలోని నమీబియాలో కారు నడుపుకుంటూ చేసే ప్రయాణానికి నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునే పాఠం ఇదే.

బెంగళూరులో ఉండే మనలో చాలామందికి నంది హిల్స్ ఘాట్ అలవాటే. నమీబియాలోనూ బండి ఎడమ వైపే నడపాలి కాబట్టి ఆ టెన్షన్ లేదు. కానీ తారు రోడ్డు నేర్పిన ఒక అలవాటును ఇక్కడే వదిలించుకుని వెళ్లాలి. అది మలుపులోకి వెళ్లాక బ్రేకు తొక్కడం.

వదులు కంకర మీద టైరు వెళ్తుంటే ఆరబోసిన శనగల మీద కాలు పెట్టినట్టే ఉంటుంది. అక్కడ దొరికే పట్టు కొంచెమే. బండి ఆగాలన్నా, తిరగాలన్నా ఆ కొంచెమే ఆధారం. రెండూ ఒకేసారి అడిగితే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగా లోయ వైపు పోతుంది. ఏబీఎస్ ఉందిగా అనుకోకండి. లోతైన కంకరలో చక్రం బిగుసుకుంటే దాని ముందు రాళ్లు పోగై బండిని ఆపుతాయి. చక్రాన్ని బిగుసుకోనివ్వకపోవడమే ఏబీఎస్ పని. అందుకే అది ఉన్న బండి స్టీరింగ్ మాట వింటుంది కానీ, ఆగడానికి ఇంకాస్త ఎక్కువ దూరం తీసుకుంటుంది.

కాబట్టి తిన్నటి రోడ్డు మీదే వేగం తగ్గించండి. రెండో గేరు వేయండి, బాగా నిటారైతే మొదటిది. బ్రేకు మీంచి కాలు తీశాకే స్టీరింగ్ తిప్పండి. మలుపు పూర్తయ్యేదాకా బండిని గేరే పట్టి ఉంచాలి. ఆటోమేటిక్ అయితే 'డి'లో వదిలేయకుండా మాన్యువల్‌గా కింది గేరులో ఉంచండి. దిగినంతసేపూ బ్రేకు మీదే కాలు ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోతాయి. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వాలి. నీళ్లు మాత్రం పోయకండి.

డీ1275 రోడ్డు మీది స్ప్రీట్స్‌హూగ్టె కనుమ నమీబియాలో అన్నిటికంటే నిటారైనది. నాలుగు కిలోమీటర్లలో దాదాపు 1,000 మీటర్లు దిగుతుంది. మరీ నిటారుగా ఉన్నచోట ఇటుకలు పరిచారు. ఆ ఇటుకలను చూసి ధైర్యంగా వేగం పెంచకండి, అవి అయిపోయి మళ్లీ కంకర మొదలయ్యే చోటే బండి జారుతుంది. ట్రైలర్లను ఈ దారిలోకి అనుమతించరు. మొదటి రోజే దీని జోలికి వెళ్లొద్దని నా సలహా. సాలిటేర్ నుంచి వాల్విస్ బే వెళ్లే సీ14 మీద కుయిసెబ్ కనుమ ఉంది, అక్కడ చేయి తిరిగాక రండి. ఎదురుగా ఎక్కుతూ వచ్చే బండికి ఎక్కడైనా మీరే దారి ఇవ్వాలి. వాలు మీద ఒకసారి ఆగితే కంకరలో వాళ్లు మళ్లీ కదలడం కష్టం.

ఇక సాధన. హోస్కోట దాటి కోలారు వైపు వెళ్తే పల్లెల దగ్గర మట్టి రోడ్లు దొరుకుతాయి. ఆదివారం పొద్దున్నే మనుషులు, పశువులు లేని, దూరం దాకా కనిపించే చోటు చూసుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసి, బండి ఎంత దూరంలో ఆగిందో అడుగులతో కొలవండి. అదే పని తారు మీదా చేయండి. తేడా మీకే తెలుస్తుంది. ఆ తర్వాతే మలుపులు మొదలుపెట్టండి. పక్కన కూర్చున్నవారిని మీ కాలు చూస్తూ ఉండమనండి. స్టీరింగ్ తిరిగేటప్పుడు బ్రేకు మీద కాలుంటే వెంటనే చెప్పాలి.

వచ్చే పాఠంలో, ఎదురు బండి లేపిన దుమ్ములో రోడ్డు కనపడనప్పుడు ఏం చేయాలో చూద్దాం.