మెడికల్ లీవ్ పెట్టాలంటే: దరఖాస్తు నుంచి ఎస్సార్ (సర్వీసు రిజిస్టర్) ఎంట్రీ దాకా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ కార్యాలయాల్లో, బడుల్లో అందరూ "మెడికల్ లీవ్" అనే అంటారు. నిజానికి ఆ పేరుతో సెలవు ఖాతా ఏదీ లేదు. 1933 నాటి సెలవు నిబంధనల్లో ఉన్నది అర్ధవేతన సెలవు, అంటే హాఫ్ పే లీవ్. సర్వీసు పూర్తయిన ప్రతి ఏడాదికీ 20 రోజులు జమ అవుతాయి. జబ్బు చేసినప్పుడు డాక్టరు సర్టిఫికెట్ పెట్టి దీన్నే పూర్తి జీతంతో వాడుకుంటే కమ్యుటెడ్ లీవ్ అవుతుంది. ఒక రోజు వాడితే ఖాతాలోంచి రెండు రోజులు పోతాయి.

లెక్క ఇలా ఉంటుంది. 12 ఏళ్ల సర్వీసు నిండి, ఒక్క రోజూ వాడని వారికి 240 రోజుల హాఫ్ పే లీవ్ ఉంటుంది. ఆపరేషన్ కోసం 40 రోజులు కమ్యుటెడ్ లీవ్ పెడితే 80 పోయి 160 మిగులుతాయి. మొత్తం సర్వీసులో కమ్యుటెడ్ లీవ్ 240 రోజులకు మించదు. ఏడాదికి 30 ఈఎల్‌లు (ఎర్న్‌డ్ లీవ్, అంటే సంపాదిత సెలవులు) జమయ్యే ఆఫీసు ఉద్యోగికి ఇది రెండో దారి. వేసవి సెలవులు ఉన్నాయని ఏడాదికి ఆరు ఈఎల్‌లే జమయ్యే టీచరుకు మాత్రం పెద్ద జబ్బు వస్తే ప్రధాన ఆధారం ఇదే.

దరఖాస్తులో "మెడికల్ లీవ్ మంజూరు చేయగలరు" అని రాసి వదిలేయడం చాలామంది చేసే తప్పు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇన్ని రోజులు, వైద్య కారణాలపై కమ్యుటెడ్ లీవ్" అని స్పష్టంగా రాయాలి. జీతం సగమైనా ఫర్వాలేదు, ఖాతా నిలవాలి అనుకుంటే హాఫ్ పే లీవ్ అనే రాయండి. ముందూ వెనకా కలిసే ఆదివారాలు, పండగ సెలవులు ఉంటే వాటికి ప్రిఫిక్స్ (సెలవుకు ముందు కలపడం), సఫిక్స్ (వెనక కలపడం) అనుమతి కూడా అదే కాగితంలో అడగాలి. మధ్యలో వచ్చే ఆదివారాలన్నీ సెలవులోనే కలిసిపోతాయి.

సెలవు హక్కు కాదని ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 67 చెబుతుంది. కాబట్టి అధికారి నిరాకరించవచ్చు. కానీ ఖాతాలో నిలవ ఉండి మీరు అడిగిన సెలవును తనకు తోచిన మరో సెలవుగా మార్చే అధికారం ఆయనకు లేదు. కమ్యుటెడ్ అడిగితే ఈఎల్‌లో కోసిన ఉత్తర్వు వస్తే ఈ నిబంధన చూపి సవరణ అడగండి.

దరఖాస్తుకు డాక్టరు సర్టిఫికెట్ జత చేయాలి. అందులో జబ్బు పేరు, ఎన్ని రోజుల విశ్రాంతి, ఏ తేదీ నుంచి అన్నవి ఉండాలి. డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర తప్పనిసరిగా చూసుకోండి. అనుమానం వస్తే అధికారి మెడికల్ బోర్డుకు పంపవచ్చు. హఠాత్తుగా ఆసుపత్రిలో చేరితే ముందు ఫోనులోనో వాట్సాప్‌లోనో సమాచారం ఇచ్చి, సర్టిఫికెట్ ఇంటివాళ్ల చేత పంపించండి. కోలుకున్నాక అన్నీ కలిపి ఇద్దాంలే అనుకుంటే ఆ మధ్య రోజులు అనధికార గైర్హాజరుగా హాజరు పట్టీలో ఎక్కుతాయి.

జబ్బు తగ్గకపోతే సెలవు ముగియకముందే, కొత్త సర్టిఫికెట్‌తో పొడిగింపు అడగాలి. పొడిగింపు లేకుండా ఆగిపోతే ఎఫ్ఆర్ 73 ప్రకారం ఆ రోజులకు జీతం రాదు. పైగా అవి హాఫ్ పే లీవ్ ఖాతాలోంచి తగ్గుతాయి. కావాలని రాలేదని తేలితే క్రమశిక్షణ చర్య కూడా. అనుమతి లేని గైర్హాజరు ఏడాది దాటితే ఉద్యోగానికి రాజీనామా చేసినట్టే భావించే నిబంధన ఉంది.

చేరే రోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకుండా చేర్చుకోరు. దీని మీద వేసే తేదీ చిన్న విషయం కాదు. శనివారంతో సెలవు ముగిసి, ఫిట్‌నెస్ కూడా శనివారం తేదీతోనే ఉంటే ఆదివారం సఫిక్స్ అవుతుంది, సోమవారం చేరవచ్చు. ఫిట్‌నెస్ సోమవారం తేదీతో తెచ్చుకుంటే ఆదివారం కూడా సెలవులో కలిసి, ఖాతాలో ఇంకో రెండు రోజులు పోతాయి. జాయినింగ్ రిపోర్టులో ఉదయమా, మధ్యాహ్నమా అన్నదీ రాసి, నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

ప్రొసీడింగ్స్ (సెలవు మంజూరు ఉత్తర్వు) చేతికి రాగానే పని అయిపోయిందనుకోవద్దు. జీతం బిల్లు అయ్యేది డీడీఓ (జీతాల బిల్లు పెట్టే అధికారి) దగ్గర. సర్వీసు రిజిస్టర్‌లో మంజూరు ఎంట్రీ ఒకటి, చివర ఉండే సెలవు ఖాతాలో తగ్గింపు ఇంకొకటి. మొదటిది రాసి రెండోది మరిచిపోవడం మామూలే. యాప్‌లో సెలవు నమోదు చేసినంత మాత్రాన ఈ రెండూ వాటంతట అవి రావు. బదిలీ మీద వెళ్లేవారైతే పాత ఆఫీసులోనే రెండు ఎంట్రీలూ వేయించుకుని, డీడీఓ సంతకం ఉందో లేదో చూసుకుని ఆ పేజీల ఫొటోలు తీసుకుని వెళ్లండి. పదేళ్ల తర్వాత పెన్షన్ కాగితాలు తయారయ్యేటప్పుడు పాత ప్రొసీడింగ్స్ కోసం ఆ ఆఫీసు బీరువాలు వెతికించడం ఎంత కష్టమో ఏ సీనియర్ అసిస్టెంట్‌ను అడిగినా చెబుతారు.