సెకండ్ హ్యాండ్ అడ్వెంచర్ బైక్: ఆర్‌సీలో పేరు మార్పిడికి దరఖాస్తు విధానం

హిమాలయన్ 411, కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి బళ్లు పాతవి కొనేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. బేరం కుదిరిన రోజే డబ్బు ఇచ్చేస్తారు, తాళం తీసుకుంటారు. పేరు మార్పిడి మాత్రం "తర్వాత చూద్దాంలే" అని వదిలేస్తారు. అమ్మినవాళ్లకు అసలు ప్రమాదం అక్కడే.

నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చిచెప్పింది. 2007లో అమ్మిన కారు ఒకరి తర్వాత ఒకరి చేతికి వెళ్లి 2009లో ప్రమాదం చేసింది. రికార్డుల్లో ఇంకా మొదటి యజమాని పేరే ఉండటంతో పరిహారం బాధ్యత ఆయన మీదే పడింది. అందుకే సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఎవరికీ ఇవ్వకండి. బ్రోకర్ ఎంత తెలిసినవాడైనా సరే, కొనేవారి పేరు, చిరునామా, తేదీ రాశాకే సంతకం పెట్టండి.

ఏ ఫారం, ఎన్ని రోజుల్లో

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం, రాష్ట్రం లోపలే అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో ఫారం 29 ద్వారా తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో ఫారం 30తో దరఖాస్తు చేసుకోవాలి. దరఖాస్తు వెళ్లేది కొన్నవారి చిరునామా పరిధిలోని ఆర్‌టీఏ ఆఫీసుకి. రవాణా శాఖ వెబ్‌సైట్లో వివరాలు నింపి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకుని వెళ్లాలి. బైక్‌కు రిజిస్ట్రేషన్ ఫీజు 300 రూపాయలు. బదిలీ ఫీజు అందులో సగం, అంటే 150. కార్డు ఖర్చు, సర్వీసు చార్జీలు దీనికి అదనం.

ఒరిజినల్ ఆర్‌సీ, నడుస్తున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, కొనేవారి ఆధార్, పాన్ (పాన్ లేకపోతే దాని బదులు ఇచ్చే డిక్లరేషన్ ఫారం), ఫొటోలు దగ్గరుంచుకోండి. స్లాట్ తీసుకునే ముందే పెండింగ్ చలాన్లన్నీ కట్టించుకోండి. వాటి మాట బేరంలోనే తేల్చుకోవాలి.

బండి మీద ఫైనాన్స్ ఉంటే ముందు అది తీయించాలి. లోన్ తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 రెండూ కావాలి. "లోన్ ఎప్పుడో అయిపోయింది" అని మాటతో సరిపెడితే ఒప్పుకోకండి. ఆర్‌సీలో బ్యాంకు పేరు పోయిందో లేదో మీరే చూడండి.

బండి దగ్గర చూడాల్సినవి

ఈ రకం బళ్లకు ఓ ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఛాసిస్ నంబర్ సాధారణంగా హ్యాండిల్ కింద, స్టీరింగ్ మెడ మీద చెక్కి ఉంటుంది. లద్దాఖో స్పితియో తిరిగొచ్చిన బండికి అక్కడ గ్రీజు, మట్టి గట్టిగా పట్టేసి ఉంటాయి. ట్యాంకు పక్కన బిగించిన గార్డులు కూడా అడ్డొస్తాయి. తడిగుడ్డతో తుడిచి, దానిపై తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు అచ్చులా కాగితం మీదికి వస్తాయి. వాటిని ఆర్‌సీతో ఒక్కో అంకే సరిచూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా, ఎక్కడైనా గీకినట్టు కనిపించినా ఆ బండి వద్దే వద్దు.

కంపెనీ సైలెన్సర్ తీసేసి పెద్ద శబ్దం చేసేది బిగించి ఉంటే బండిలో ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయకూడదనే సెక్షన్ 52 అడ్డొస్తుంది. కంపెనీ సైలెన్సర్‌ను బండితో పాటే అడిగి తీసుకోండి. ఆఫీసుకు వెళ్లే ముందు దాన్నే బిగించుకోండి.

బెంగళూరు బండి అయితే

కర్ణాటక రిజిస్ట్రేషన్ బండిని హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చుకుంటే, కర్ణాటకలోని రవాణా ఆఫీసు నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ తీసుకోవాలి. ఇలాంటి అమ్మకాన్ని తెలియజేయడానికి అమ్మినవారికి గడువు 45 రోజులు. బండి ఇక్కడే 12 నెలలకు మించి ఉంటే ఇక్కడి నంబర్ తీసుకోవడం తప్పనిసరి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ మొత్తం ఎంతవుతుందో అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్‌టీఏలో కనుక్కోండి. చవగ్గా దొరికిందనుకున్న బండి ట్యాక్స్ కలిపితే ఇక్కడి ధరకే వచ్చేయొచ్చు.

ఇన్సూరెన్స్

సెక్షన్ 157 ప్రకారం థర్డ్ పార్టీ కవర్ (ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చేది) కొత్త యజమానికి దానంతటదే బదిలీ అవుతుంది. అయినా 14 రోజుల్లో కంపెనీకి రాసి పాలసీలో పేరు మార్పించుకోవాలి. సొంత బండికి జరిగిన నష్టానికి కవర్ మాత్రం దానంతటదే రాదు. పేరు మారకముందే ఘాట్ రోడ్డులో పడితే రిపేర్ ఖర్చు చేతినుంచే పెట్టుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) అమ్మినవారిదే, బండితో రాదు. వాళ్లు సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే మరో బండికి వాడుకోవచ్చు.

యజమాని చనిపోయిన బండి అయితే నేరుగా కొనకండి. ముందు వారసులు ఫారం 31తో తమ పేరిట మార్చుకోవాలి, ఆ తర్వాతే మీకు అమ్మాలి.