ఎనభైల మ్యూజిక్ వీడియోలు చూడటం ఎలా?

చాలామంది నేరుగా మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పెట్టేస్తారు. దాన్ని చివరికి ఉంచండి.

ముందు ఎ-హా అనే బ్యాండ్ పాట 'టేక్ ఆన్ మి' (1985), అదీ ఫోన్‌లో కాదు, కంప్యూటర్‌లో. ఒకసారి మామూలుగా చూసేయండి. రెండోసారి సౌండ్ తీసేసి, కామిక్ పేజీలోంచి పెన్సిల్ చెయ్యి బయటికొచ్చే చోట ఆపండి. యూట్యూబ్‌లో ఆపి ఉంచిన వీడియో మీద ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకు, కామా నొక్కితే వెనక్కి వెళ్తుంది. అలా నొక్కుతూ వేళ్ల అంచులే చూడండి, చెయ్యి పెద్దగా కదలకపోయినా గీతలు మాత్రం వణుకుతూ ఉంటాయి, ఎందుకంటే ముందు మామూలుగా షూట్ చేసి, ఆ ఫ్రేముల మీద ఒక్కో బొమ్మా చేత్తో మళ్లీ గీశారు, చేత్తో గీస్తే ఏ రెండూ ఒకేలా రావు కదా. దీన్ని రోటోస్కోపింగ్ అంటారు. అలాంటి బొమ్మలు దాదాపు 3000, పట్టిన టైమ్ 16 వారాలు. నేనైతే ఆ చెయ్యి దగ్గరే అరగంట ఉండిపోయాను.

పక్కల నల్ల పట్టీలు కనిపిస్తే కంగారు పడొద్దు, అప్పటి టీవీ తెర 4:3, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు. స్క్రీన్ నిండా సాగదీసిన కాపీలు మాత్రం చూడకండి, మొహాలు ఉబ్బిపోతాయి.

తర్వాత 'స్లెడ్జ్‌హామర్' (1986). ఇక్కడా అదే కీ పని. పాట పాడిన పీటర్ గాబ్రియెల్ తల చుట్టూ బొమ్మరైలు తిరిగే చోట రైలుని వదిలేసి మొహం చూడండి. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఆయన కదలకుండా ఉండాలి, వీడియో తీసేవాళ్లు రైలుని కాస్త జరపాలి, మళ్లీ ఫొటో. దీనికోసం ఆయన 16 గంటలు గాజు పలక కింద పడుకున్నాడట, అందుకే వీడియోలో అంత హుషారు చూస్తే నాకు నవ్వొస్తుంది.

1981 ఆగస్టు 1న మ్యూజిక్ చానల్ ఎంటీవీ మొట్టమొదట వేసిన 'వీడియో కిల్డ్ ది రేడియో స్టార్' చరిత్ర కోసం ఒకసారి చూస్తే చాలు.

ఇప్పుడు 'థ్రిల్లర్' (1983). ముందు ఆల్బమ్‌లోని పాట వినండి, ఆరు నిమిషాలు కూడా ఉండదు. తర్వాత దాదాపు 14 నిమిషాల వీడియో పెట్టి, పల్లవి ఎప్పుడొస్తుందో కనిపెట్టండి. చరణాలన్నీ నడకలోనే అయిపోతాయి, శవాలు లేస్తాయి, డాన్స్ మొదలవుతుంది, పల్లవి ఇంకా రాదు. దర్శకుడు జాన్ లాండిస్ సినిమావాడు మరి, కథ కోసం పాటనే విడగొట్టి మళ్లీ పేర్చాడు.