మనుషుల తీరును డేటాతో చదవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

డేటా సైన్స్ అనగానే మన పిల్లలు ముందు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు కోచింగ్ ఎక్కడుందని వెతుకుతారు. అది తర్వాత సంగతి. మనుషులు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో చదవాలనుకుంటే మొదట ఒక ప్రశ్న పట్టుకోండి.

నెల్లూరులో ప్రశ్నలకేం కొదవ! మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అని ఎవరి కోరికకు తగ్గ రొట్టె వాళ్లు అందుకుంటారు. కోరిక తీరాక మళ్లీ వచ్చి, అదే పేరుతో రొట్టె ఇంకొకరికి ఇస్తారు. మీరు నీళ్లలో దిగి రొట్టె ఇస్తున్నవాళ్లనే అడిగారనుకోండి, అందరూ 'తీరింది' అనే చెబుతారు. తీరనివాళ్లు ఆ గుంపులో ఉండరుగా! సెలెక్షన్ బయాస్ అంటే ఇదే. ఎవరి నమ్మకాన్నీ తూచడం మన పని కాదు. లెక్కలోకి ఎవరు రాలేదో చూడటం మాత్రం మన పనే. సరిగ్గా చేయాలంటే ఈ ఏడు రొట్టె తీసుకున్నవాళ్ల నంబర్లు వాళ్ల అనుమతితో రాసుకుని, వచ్చే ఏడు పండక్కి వచ్చినా రాకపోయినా అందరికీ ఫోన్ చేయాలి. ఏ రొట్టే పట్టకుండా ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లనూ అడిగి, ఉద్యోగం రొట్టె తీసుకున్నవాళ్లతో పోల్చాలి.

తర్వాత కోర్సు. కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ అయినా, ఒంగోలులోని ఆంధ్రకేసరి యూనివర్సిటీ అయినా, కోర్సు పేరు చూసి మురిసిపోకుండా సిలబస్ తెరవండి. ప్రాబబిలిటీ (సంభావ్యత), శాంప్లింగ్ (అందరిలోంచి కొందరిని ఎంచుకునే పద్ధతి), రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందో లెక్కకట్టడం) గట్టిగా ఉండాలి. తోడుగా సైకాలజీయో ఎకనామిక్సో ఉంటే మరీ మంచిది. ఇంట్లోంచే చదవాలంటే డేటా సైన్స్‌లో ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ ఉంది. జేఈఈ అక్కర్లేదు, వాళ్లే పెట్టే క్వాలిఫయర్ పరీక్ష దాటాలి. పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కాగ్నిటివ్ సైన్స్ (మనసు ఎలా ఆలోచిస్తుందో చదివే శాస్త్రం) ఉంది.

చేయి తిరగాలంటే కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వే (జనం రోజంతా సమయాన్ని ఎలా గడుపుతారో అడిగే సర్వే) డేటా దించుకోండి. తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా ఎవరు ఏం చేశారో అరగంట చొప్పున అందులో ఉంటుంది. వంట చేస్తూనే బిడ్డను ఆడించిన అరగంటను ఏ ఖాతాలో వేస్తారు? ఒక వారం దాంతో కుస్తీ పడితే ఏ కోచింగూ చెప్పనిది తెలుస్తుంది. ఎక్సెల్‌లో మొదలుపెట్టి, అది మొరాయించాక పైథాన్‌కో, 'ఆర్' అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషకో మారండి.

సొంత సర్వే ఆఖర్నే. పేర్లు, ఫోన్ నంబర్లు జవాబుల ఫైలులో ఉంచకండి; వేరే ఫైలులో దాచండి. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఫారం పడేసి, వచ్చిన నలభై జవాబులకు 'జిల్లా యువత అభిప్రాయం' అని పేరు పెడితే మాత్రం వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.