చేలో వయ్యారిభామ, దూలగొండి తగిలి ఒళ్ళు దురదపెడితే ఏం చేయాలి?

దేవరకొండ వైపు మా ఊళ్ళో పత్తి చేను కలుపు తీసి వచ్చిన మరునాడు అమ్మ మెడ చుట్టూ, మోచేతి మడతల్లో ఎర్రగా దద్దుర్లు తేలాయి. కనురెప్పలు వాచి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. ఇంటికొచ్చినవాళ్ళు తలో మందు చెప్పారు. మేం సున్నం రాశాం. తెల్లారేసరికి మెడ మీద తోలు ఊడింది. గెట్టు మీది మొక్క చేసిన దానికంటే మేం చేసిన గాయమే పెద్దదైంది. ఆ బాధ ఇంకో ఇంట్లో ఎవరికీ రాకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా ఏ మొక్క తగిలిందో కనుక్కోండి. ఒక మొక్కకు చేసే పని ఇంకోదానికి పనికిరాదు.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి. 1950లలో పుణె దగ్గర కనబడి దేశమంతా పాకింది. వాన పడగానే చెల్కల్లో, బాటల పక్కన మోకాలెత్తు లేస్తుంది. "ఇన్నేళ్ళుగా పీకుతున్నా, ఇప్పుడే ఎందుకొచ్చింది?" అని అమ్మ అడిగింది. ఇది అలర్జీ. ఏళ్ళ తరబడి తగిలి తగిలి, ఒకరోజు ఒంటికి పడకుండా పోతుంది. ఆ తర్వాత ముట్టుకోకపోయినా, గాలికి లేచే దాని పొడి చాలు. అందుకే ముఖం, మెడ, రెప్పల మీద ముందు కనబడుతుంది.

ఇది తగిలిందని తెలిసిన వెంటనే బోరు కాడనే సబ్బుతో కడుక్కోండి. గోళ్ళ సందుల్లోనూ రుద్దాలి, చర్మాన్ని మాత్రం గీకొద్దు. వేడినీళ్ళు వద్దు. ఇంటికి రాగానే బట్టలు మార్చి విడిగా ఉతకండి. ఆ చీర కొంగుతోనే ముఖం తుడుచుకుంటే కడిగిందంతా వృథా.

దురద మొదలైతే నూలు గుడ్డను కుండనీళ్ళలో తడిపి, పిండి, పావుగంట సేపు దద్దుర్ల మీద వేసి ఉంచండి. రోజుకు మూడు నాలుగు సార్లు వేయొచ్చు. ఆరాక కాలమైన్ లోషన్ పూయండి, కళ్ళకు మాత్రం దూరంగా. పెద్దవాళ్ళకు రాత్రి దురదతో నిద్ర పట్టకపోతే సెటిరిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి చాలు. మత్తుగా ఉంటుంది కాబట్టి వేసుకున్నాక బండి నడపొద్దు. గర్భిణులు, చిన్నపిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే వేసుకోవాలి.

ట్యూబు మందుల విషయంలో జాగ్రత్త. మందుల షాపులో "ఇది రాయండి, రెండు రోజుల్లో పోతుంది" అని ఇచ్చే వాటిలో చాలావరకు ఘాటైన స్టెరాయిడ్లే. ముఖం మీద రోజూ రాస్తే చర్మం పలుచబడి, మానేయగానే దద్దుర్లు తిరగబెడతాయి. ఏ ట్యూబు ఎన్ని రోజులో డాక్టరు చెప్పాలి.

దూలగొండి సంగతి వేరు. చలికాలంలో కాయ ఎండాక దాని నూగు ఎండలో బంగారు రంగులో మెరుస్తుంది, గాలి వీస్తే రాలి మీద పడుతుంది. ఒక్కో వెంట్రుక సూదిలా గుచ్చుకుంటుంది, రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. అందుకే ముందు చేతులు ఆపుకోండి. చొక్కాను దులపకుండా మెల్లగా తీసేయండి. పుస్తకాలకు అట్టలేసే పారదర్శక టేపును దురద ఉన్న చోట అంటించి, పైకి లాగేయండి. ప్రతిసారీ కొత్త ముక్క వాడాలి. ఆ తర్వాతే నీళ్ళు పోసి కడగాలి. సెటిరిజిన్ ఈ దురదకు పెద్దగా పనిచేయదు, నూగు పోవడమే దీనికి మందు. చాలా ఊళ్ళలో పేడ పూస్తారు. గోకిన చోట పేడ పడితే చీము పట్టొచ్చు, ధనుర్వాతం ముప్పు కూడా ఉంది. ఆ పని చేయకండి.

అచ్చంపేట, అమ్రాబాద్ అడవుల వైపు వెళ్ళేవాళ్ళు నల్లజీడి కాయలతో జాగ్రత్త. చాకలివాళ్ళు బట్టలకు గుర్తులు పెట్టేది ఈ రసంతోనే. తగిలితే బొబ్బలు లేస్తాయని అమెరికావాళ్ళు భయపడే పాయిజన్ ఐవీ అనే మొక్క మన దగ్గర పెరగదు గానీ, నల్లజీడి దాని కుటుంబమే. రసం అంటితే ఒకటి రెండు రోజులకు బొబ్బలు లేస్తాయి. పొడవకండి. ఆ నీరు తగిలితే దద్దుర్లు వ్యాపిస్తాయనేది మాత్రం నిజం కాదు.

జిల్లేడు పాలు కంట్లో పడితే ఇంటి వైద్యం జోలికి పోవద్దు. పావుగంటకు తగ్గకుండా మంచినీళ్ళు ధారగా పోస్తూ కన్ను కడిగి, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నొప్పి లేదని ఊరుకుంటారు, అక్కడే మోసం. ఆ పాలకు నొప్పి తెలియనీయని గుణం ఉంది. చూపు మసకబారాకే తెలుస్తుంది.

ఊపిరాడకపోయినా, నాలుకో పెదాలో వాచినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కన్ను మూసుకుపోయినా, జ్వరం వచ్చినా, చీము పట్టినా, వారానికి తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

కలుపు పీకాల్సి వస్తే పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు చేతికి తొడుగు వేసుకుని వేరుతో లాగండి. ఈ మొక్కల్లో దేన్నీ కాల్చొద్దు, ఆ పొగ కళ్ళకూ ఊపిరికీ చేటు. అమ్మ ఇప్పుడు చేలోకి పోతే చీర మీద నాన్న ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుంటుంది. గెట్టు కలుపు మాత్రం నేనే పీకుతున్నాను.