గాయపడిన పురుగుకు నొప్పి తెలుస్తోందా? పరిశీలించి అంచనా వేయడం ఎలా

పరిశీలన మొదలుపెట్టే ముందు, హానిని పసిగట్టడం వేరు, దానివల్ల బాధపడటం వేరు అని గుర్తుంచుకోవాలి. వేడి పెనం తగిలితే నొప్పి తెలిసేలోపే చేయి వెనక్కి వస్తుంది. బడిలో చదువుకున్న ఆ అసంకల్పిత ప్రతీకార చర్యకు మెదడు అవసరం లేదు. పండ్ల ఈగ లార్వాను వేడి సూదితో తాకితే అది పక్కకు గిరగిరా దొర్లుతుంది. అలా దొర్లడానికి అవసరమైన ఒక జన్యువును అమెరికా శాస్త్రవేత్త సీమర్ బెంజర్ బృందం 2003లో కనుగొని ‘పెయిన్‌లెస్’ అని పేరు పెట్టింది. కాబట్టి వెల్లకిలా పడిన బొద్దింక కాళ్లు కొట్టుకోవడాన్ని మాత్రమే చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు.

తర్వాత, గాయమైన భాగం పట్ల ఆ పురుగు ఎలా ప్రవర్తిస్తోందో చూడాలి. పాదం నలిగినా కీటకాలు అదే బలంతో దానిపై నడుస్తాయని, మాంటిస్ (ఇతర కీటకాలను వేటాడి తినే పురుగు) తనను తింటున్నా మిడత మేత మానదని 1984లో ఐస్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక వ్యాసంలో చూపారు. చాలాకాలం చర్చ అక్కడే ఆగింది. అయితే బంబుల్ తేనెటీగ (బొద్దుగా ఉండే ఒక రకం తేనెటీగ) తలపై మీసంలా ఉండే స్పర్శశృంగాన్ని 65 డిగ్రీల వేడితో తాకినప్పుడు, అది సరిగ్గా ఆ శృంగాన్నే ఎక్కువగా తుడుచుకున్నట్టు 2024 నాటి ప్రయోగంలో తేలింది. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో, ఫ్లోరిడా కార్పెంటర్ చీమలు తొడ భాగంలో గాయపడిన తోటి చీమ కాలును కొరికి తీసేశాయి. అంతకు దిగువన గాయమైతే నాకి శుభ్రం చేసి వదిలేశాయి. ఇది అబ్బురపరిచే వైద్యమే అయినా, వైద్యం చేసే చీమ నేర్పు రోగి చీమ బాధకు సాక్ష్యం కాదు.

నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన పరీక్ష బేరీజు. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో బంబుల్ తేనెటీగల ముందు మామూలు గిన్నెలనూ, 55 డిగ్రీలకు వేడెక్కిన గిన్నెలనూ వేర్వేరు రంగులతో గుర్తించి ఉంచారు. రెండింటిలోనూ 40 శాతం చక్కెర ద్రావణం ఉన్నప్పుడు అవి వేడి గిన్నెలను తప్పించుకున్నాయి. చల్లని గిన్నెల్లో తీపి తగ్గేకొద్దీ వేడిని ఓర్చుకుని తియ్యని గిన్నెల దగ్గరికే వెళ్లాయి. రంగును గుర్తుపెట్టుకుని, లాభనష్టాలను తూచి ఎంచుకోవడం కేవలం అసంకల్పిత చర్యగా సాధ్యం కాదు. బాధ ఉందని ఇది రుజువు చేయదు గానీ, లేదని కొట్టిపారేయడాన్ని కష్టం చేస్తుంది.

వ్యతిరేక సాక్ష్యాన్నీ ఇలాగే తూచాలి. కాలు తెగిన తేనెటీగలు, నొప్పిని తగ్గించే మందు మార్ఫిన్ కలిపిన ద్రావణంపై గాయపడని వాటికన్నా ఎక్కువ మొగ్గు చూపలేదని 2017లో తేలింది. అయితే మనుషుల్లో మార్ఫిన్ పనిచేసే గ్రాహకాల (కణాలపై మందును అందుకునే భాగాల) వంటివి కీటకాల్లో ఇంతవరకు గుర్తించలేదు కనుక, ఈ ఫలితంపై ఎక్కువ భారం వేయలేం. ఒక జాతిలో కనిపించిన లక్షణాన్ని మరో జాతికి, లార్వాలో కనిపించినదాన్ని ఎదిగిన పురుగుకు అంటగట్టడమూ సరికాదు.

ఇంట్లో పరిశీలించాలనుకునేవారు అందుకోసం పురుగును గాయపరచకూడదు. ఇదివరకే దెబ్బతిన్నది కనిపిస్తే, అది ఆ కాలిపై బరువు మోపుతోందా, గాయాన్ని పదేపదే తడుముతోందా, ఆహారం దొరికినప్పుడు ఆ ప్రవర్తన మారుతోందా అన్నవి సమయంతో సహా రాసుకోవాలి. చంపక తప్పనప్పుడు, సగం ప్రాణంతో వదలకుండా ఒక్క దెబ్బతో ముగించాలి.